2,62,000 కిలోమీటర్ల డీజిల్ బండి: లెక్క ఉంచుకోమంది, తుప్పు వద్దంది

గోదావరి డెల్టాలో పడమటి వైపున్న ఒక పట్టణంలో ఇరవై ఏళ్లకు పైగా కార్ల షెడ్డు నడుపుతున్నాను. పాతబడిన బండిని ఉంచుకోవాలా, అమ్మేయాలా అని నెలకు ఇద్దరు ముగ్గురైనా అడుగుతుంటారు. చాలామందికి పావుగంటలో సమాధానం చెప్పగలను. ఈ ఒక్క కేసులో మాత్రం నా మొదటి సమాధానం తప్పింది, అందుకే రాస్తున్నాను. యజమానిని గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, కుటుంబం వంటి వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

యజమాని యాభై దాటిన మనిషి, రొయ్యల మేత ఏజెంటు. ఊళ్లో అందరూ ఆయన్ను ఏజెంటుగారనే పిలుస్తారు, నేనూ అంతే. బండి మొదటి తరం స్విఫ్ట్ డిజైర్ డీజిల్, 2011 ఆగస్టులో రిజిస్టరైంది. కొత్తగా కొన్నప్పటి నుంచీ ఒకే చేతిలో ఉంది. నా దగ్గరకు వచ్చిన 2025 జూన్ నాటికి మీటరు మీద 2,62,000 కిలోమీటర్లు ఉన్నాయి, అంటే ఏడాదికి 19,000 చొప్పున తిరిగింది. ఆ తిరుగుడులో ఎక్కువ భాగం చెరువు గట్ల మీదే. రోజూ ఉదయం 50, 60 కిలోమీటర్ల చుట్టు, రెండు నెలలకోసారి భార్య కంటి పరీక్షలకు హైదరాబాదు ప్రయాణం.

ఈ బండిలోని 1248 సీసీ ఇంజిను ఫియట్ వారి మల్టీజెట్. మారుతి దాన్ని డీడీఐఎస్ పేరుతో ఏళ్ల తరబడి తయారుచేసి, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేటప్పటికి డీజిల్ కార్లకే స్వస్తి చెప్పింది. టాటా, ఫియట్ బండ్లలోనూ ఇదే ఇంజిను వచ్చింది కనుక సామాను ఇప్పటికీ దొరుకుతుంది, చేయి తిరిగిన మెకానిక్‌లూ దొరుకుతారు. ఆయిల్ వేళకు మారిస్తే మూడు లక్షల కిలోమీటర్లు దానికి పెద్ద విషయం కాదు. ఏజెంటుగారు ఆ విషయంలో పద్ధతైన మనిషి, ఏ సర్వీసూ దాటేసినట్టు కనిపించలేదు.

వచ్చిన సమస్య

మే నెల ఎండలో హైదరాబాదు వెళ్తుండగా సూర్యాపేట దాటాక టెంపరేచరు ముల్లు ఎర్రగీతకు ఎక్కింది. భార్యాభర్తలు మూడు గంటలు రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చున్నారు. అక్కడి మెకానిక్ కూలెంట్ ప్రవాహాన్ని అదుపుచేసే థర్మోస్టాట్ తీసేసి, నీళ్లు పోసి పంపాడు. ఇంటికి చేరారు గానీ కూలెంట్ డబ్బా మూడు రోజులకోసారి ఖాళీ అవుతోంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఫోన్‌లో ఒకటే మాట: "అమ్మేయండి నాన్నా, పదిహేనేళ్లు దాటితే డీజిల్ బండి ఎలాగూ తిరగనివ్వరు."

ఆ భయాన్ని ముందుగా తీర్చవలసి వచ్చింది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద నిషేధం ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాలకు సంబంధించినది, మన రాష్ట్రానికి వర్తించదు. ఇక్కడ సొంత కారు ఆర్సీ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ గడువుకు ముందు 60 రోజుల లోపు ఫారం 25తో దరఖాస్తు చేసి, తనిఖీలో నెగ్గితే మరో ఐదేళ్లకు పొడిగిస్తారు. కారుకు 600 ఉన్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, గ్రీన్ టాక్సు వేరు. కాబట్టి 2026 ఆగస్టు ఒక గడువే గానీ బండికి మరణశాసనం కాదు. కొడుకు చెప్పిన సలహా ఆఖరికి సరైనదే అయింది, అయితే ఆయన చెప్పిన కారణం వల్ల కాదు.

మొదటి పరీక్ష, మొదటి లెక్క

ఈ ఇంజిను హెడ్డు, అంటే సిలిండర్ల మీది మూత, అల్యూమినియంది. ఒకసారి కాగిందంటే వంగి ఉండవచ్చు, గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. అదే జరిగి ఉంటే ఖర్చు అర లక్షకు చేరుతుంది, అప్పుడు మాట్లాడవలసింది వేరే సంగతి. అందుకని మరమ్మతు మొదలుపెట్టకముందే నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, చూశాను. నాలుగూ దాదాపు సమానంగా ఉన్నాయి. కూలెంట్‌లో పొగ గ్యాసు ఆనవాలు లేదు, ఆయిల్‌లో నీరు కలవలేదు. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు పగిలింది, వాటర్ పంపు సీలు దగ్గర చెమ్మ పడుతోంది, అంతే. రేడియేటరు, పంపు మార్చి, తీసేసిన థర్మోస్టాట్ స్థానంలో కొత్తది వేశాను. బిల్లు 11,800. ఆ తరువాత కూలెంట్ మట్టం చుక్క తగ్గలేదు.

ఇక అసలు ప్రశ్న. ఇంట్లో ఉన్న బిల్లులన్నీ తెమ్మన్నాను. ప్లాస్టిక్ కవరు నిండా తెచ్చారు. బీమా కాకుండా రెండేళ్లలో 1,18,400 అయింది. ఆ మొత్తం చూసే కొడుకు కంగారుపడ్డాడు. కానీ అందులో టైర్లు 17,600, బ్యాటరీ 5,600, నాలుగు మామూలు సర్వీసులు 24,000. ఇవి ఏ బండికైనా తప్పని ఖర్చులు, వీటిని వయసు ఖాతాలో రాయడం అన్యాయం. అవి తీసేస్తే మిగిలిన 71,200 మాత్రమే ముసలితనపు ఖర్చు, అంటే ఏడాదికి 35,600. బండి విలువ కూడా ఏడాదికో 20,000 పడిపోతుందనుకుంటే, ఉంచుకోవడానికి పడే భారం 55,600.

ఎదుటి పళ్లెంలో ఆయన చూసి పెట్టుకున్న 2019 నాటి పెట్రోలు కారు ఉంది, ధర 5,40,000. పాత డీజిల్ లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తోంది, దీనికి 15 వేసుకున్నాను. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలులో, అందుకోసం తయారుకాని 2023కు ముందటి బండి కంపెనీ చెప్పిన మైలేజీ ఇస్తుందని ఆశపడకూడదు. డీజిల్ 97, పెట్రోలు 110 చొప్పున ఇంధనానికే ఏడాదికి 37,000 అదనం. విలువ తరుగుదల 50,000, పూర్తి బీమా తీసుకుంటే అదనంగా 10,000, చిల్లర మరమ్మతులు 10,000. పాతది 1,40,000కు పోతుందనుకుంటే చేతి నుంచి పెట్టవలసిన నాలుగు లక్షలకు బ్యాంకులో వచ్చే వడ్డీ 26,000. మొత్తం 1,33,000. అంటే పాత బండిని ఉంచుకుంటే ఏడాదికి 77,400 మిగులు.

ఈ లెక్కను ఇప్పటికీ సమర్థిస్తాను. పెట్టిన డబ్బు చూసి "ఇంత పెట్టాం కదా, ఇప్పుడెలా అమ్ముతాం" అనేవారు, ఒక పెద్ద బిల్లు రాగానే "ఇక దీన్ని వదిలించుకోవాలి" అనేవారు, ఇద్దరూ వెనక్కి చూసి నిర్ణయం తీసుకుంటున్నవారే. చూడవలసింది రాబోయే పన్నెండు నెలల ఖర్చు.

లెక్కకు అందని భాగం ఒకటి ఉందని అప్పుడే తోచింది. బండి చెరువు గట్టు మీద ఆగిపోతే నా షెడ్డు కుర్రాడు మోటారు సైకిలు మీద వెళ్లి అరగంటలో స్టార్టు చేసి వస్తాడు. అదే బండి కంటి రోగితో మిట్టమధ్యాహ్నం జాతీయ రహదారి మీద ఆగితే కథ వేరు. అందుకని రెండు పనులనూ విడదీశాం. గట్ల చుట్టు ఈ బండితో, హైదరాబాదు ప్రయాణం భీమవరం నుంచి రాత్రి రైల్లో. ఏడాదికి 40,000 మించి మరమ్మతు పడితే మళ్లీ కూర్చుందామని చెప్పి, 2026 ఆగస్టు దాకా ఉంచుకోమన్నాను. రైలు సలహా మాత్రం ఆఖరి దాకా నిలబడింది. కొత్త బండి వచ్చాక కూడా ఆవిడ రైల్లోనే వెళ్తున్నారు, పడుకుని వెళ్లడమే హాయిగా ఉందట.

ఎక్కడ తప్పింది

సెప్టెంబరు మొదటివారంలో మళ్లీ వచ్చారు. కల్వర్టు ఎక్కి దిగేటప్పుడు ఎడమ వెనక చక్రం దగ్గర "డబ్" మని చప్పుడు. నేను ఊళ్లో లేను. కుర్రాడు షాక్ అబ్జార్బర్లని అనుమానించి రెండూ మార్చాడు, 5,800. అవి నిజంగానే కారుతున్నాయి కాబట్టి వాడిని తప్పు పట్టలేను. చప్పుడు మాత్రం పోలేదు.

నాలుగో రోజు బండిని గొయ్యి మీద నిలిపి, దీపం పట్టుకుని నేనే దిగాను. వెనక చక్రాలు రెంటినీ కలిపే యాక్సిల్ బీమ్ ముందు కొన బాడీకి బిగిసే చోట ఒక బ్రాకెట్ ఉంటుంది. దాని చుట్టూ నల్లటి అండర్ కోటింగ్ నున్నగా, చెక్కు చెదరకుండా కనిపిస్తోంది. జూన్‌లోనూ నేను చూసింది ఇదే. చూసి, బాగుందనుకుని పైకి వచ్చేశాను. ఈసారి స్క్రూ డ్రైవర్ మొనతో ఆ నలుపును గీరాను. గీత పడలేదు, పెచ్చు ఊడింది. దాని వెనకాల ఇనుము కాల్చిన అప్పడంలా పొరలు పొరలుగా ఉంది. కొంచెం ఒత్తేసరికి స్క్రూ డ్రైవర్ సగం దాకా లోపలికి దిగిపోయింది. ముఖం మీద ఎర్రటి పొడి రాలింది, అది తడిగా ఉంది. వారం రోజులుగా వాన లేదు.

ఆ తడి ఎక్కడిదని అడిగితే కథంతా బయటపడింది. వెనామీ రొయ్యల చెరువుల్లో ఉప్పునీరు ఉంటుంది. పట్టుబడుల కాలంలో లారీల నుంచి కారే నీళ్లతో గట్టు రోడ్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, ఆ బురద చక్రాలకు తగిలి అడుగున అంటుకుంటుంది. అది సగం కథ. మిగతా సగం ఏజెంటుగారి శుభ్రత. పద్నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఇంట్లో బోరు నీళ్లతో బండి కడిగారు, ఆ బోరులో పడేది ఉప్పునీరే. దాని పైన 2019లో ఎవరో అప్పటికే మొదలైన తుప్పును సరిగా గీకకుండా కోటింగ్ కొట్టారు. పైకి నల్లగా నిగనిగలాడే ఆ పొర చెమ్మను బయటకు పోనివ్వకుండా లోపలే బంధించింది. తుప్పు పట్టిన ఇనుము దానంతట అది ఆరితే కొంత నెమ్మదిస్తుంది. ఉప్పు గాలిలోని చెమ్మనూ లాగుతుంది కనుక అక్కడ ఎన్నడూ ఆరలేదు. బండిని ప్రేమగా చూసుకున్న ప్రతి పనీ దానికి చేటే చేసిందన్నమాట.

జూన్‌లో నా ఆలోచన ఎక్కడ జారిందో అప్పుడు అర్థమైంది. యజమాని ఇంజిను గురించి భయపడి వచ్చాడు, నేనూ ఇంజిను చుట్టూనే తిరిగాను. అది గట్టిగా ఉందని తేలగానే బండి గట్టిగా ఉందనే నిర్ధారణకు వచ్చేశాను. 77,400 మిగులు అనే అంకె, బండి మరో ఏడాది నిలుస్తుందనే మాట మీద నిలబడింది. ఆ మాటను నేను పరీక్షించలేదు. ఇంజిను పోతే బండి ఆగుతుంది. ఆ బ్రాకెట్ వేగంలో ఊడితే వెనక చక్రాలు పక్కకు తిరిగి బండి ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. అలాంటి ప్రమాదాన్ని ఏడాది ఖర్చు పట్టికలో ఒక గడిగా రాయలేం. ఆ రోజే తాళాలు నా దగ్గర పెట్టుకున్నాను. ఏజెంటుగారు ఆటోలో ఇంటికి వెళ్లారు.

వెల్డింగ్ మాట

ఇద్దరు టింకరింగ్ మేస్త్రిలకు చూపించాను. మొదటివాడు 12,000కు ప్లేటు అతికి, పైన మళ్లీ కోటింగ్ కొట్టి ఇస్తానన్నాడు. 2019లో జరిగిన పనే మళ్లీ చేస్తానంటున్నాడు కాబట్టి వద్దన్నాను. రెండోవాడు పెద్దవాడు, నేను పని నేర్చుకునే రోజుల నుంచీ తెలిసినవాడు. కుళ్లిన భాగం కోసేసి మందపాటి రేకుతో కట్టాలంటే 38,000 అవుతుందన్నాడు. నేను ఆ అంకెను లెక్కలో వేసి చూస్తుండగానే ఆయన సుత్తితో ముందుకు, పక్కకు తట్టుకుంటూ పోయాడు. గుమ్మం కింది పెట్టె దాకా మొద్దు చప్పుడే వస్తోంది. "ప్లేటు వెయ్యడం నాకు పెద్ద పని కాదండీ, కానీ వెల్డింగ్ పట్టడానికి పక్కన ఇనుముండాలి కదా," అన్నాడు. 38,000 పని వదులుకుని ఆ మాట చెప్పాడు.

నిర్ణయం నిజానికి అక్కడే అయిపోయింది. మిగిలింది ఎలా వదిలించుకోవాలన్నదే. నాకు ఎక్కువ తలనొప్పి పెట్టింది కూడా అదే.

అమ్మకం

జూలైలో కొడుకు ఒత్తిడి మీద పాత కార్లు కొనే ఒక ఆన్‌లైన్ కంపెనీ మనిషి ఇంటికొచ్చి చూశాడు. ఫోనులో 1,50,000 అని, ఫొటోలు తీసుకున్నాక 92,000 అన్నారు. ఏజెంటుగారు అవమానంగా భావించి పంపేశారు. ఆ మనిషీ బండి కిందకు చూడలేదు. ఇప్పుడు ఆ 92,000 ఆయనకు ఆకర్షణగా కనిపించింది. "వాళ్లు చూసుకుని కొంటున్నారు, నేను దాచిందేముంది?" అన్నారు. పాత కార్ల బజారులో అందరూ చెప్పేది ఇదే, అందులో కొంత న్యాయమూ ఉంది. కానీ జూలైలో ఆయనకు తెలియదు, సెప్టెంబరులో తెలుసు. ఆ బండిని ఆఖరుకు కొనేది కంపెనీ కాదు, మరో రెండు చేతులు మారాక పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే ఎవరో ఒక చిన్న ఉద్యోగి. నేను మెకానిక్‌ని, నా ముఖం మీద ఆ పొడి రాలాక నా షెడ్డు నుంచి అది రోడ్డెక్కి వెళ్లడానికి ఒప్పుకోలేనని చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పాను.

రెండు రోజులు ఆలోచించి ఆయనే కంపెనీకి ఫోన్ చేసి తుప్పు సంగతి చెప్పారు. ధర 41,000కు దిగింది. షోరూమ్ ఎక్స్ఛేంజి కూడా అడిగి చూశాం. అక్కడ బోనస్ పేరుతో కలిపే అంకె కొత్త బండి ధరలో వదులుకున్న తగ్గింపే అని రెండు కాగితాలు పక్కపక్కన పెట్టగానే తెలిసిపోయింది, పైగా ఆయనకు కొత్త బండి కొనే ఉద్దేశమే లేదు. ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాపింగ్ కేంద్రం బరువు లెక్కన 27,000 ఇస్తామంది, వాళ్లే వచ్చి ఎత్తుకుపోతారు.

41,000కూ 27,000కూ మధ్య 14,000 తేడా. ఈ తేడాను తూచేటప్పుడు ఆయనకు ఒక విషయం వివరించాను. బండి అమ్మి తాళాలిచ్చినంత మాత్రాన బాధ్యత తీరదు. ఫారం 29, 30 వెళ్లి ఆర్సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఆయనే యజమాని. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ప్రమాద పరిహారం విషయంలో ఇదే తేల్చింది: బండి ఎన్ని చేతులు మారినా ఆర్సీలో పేరున్నవాడే బాధ్యుడు. బీమా లేకుండా ఎవరైనా నడిపి, ఆ బ్రాకెట్ ఊడి ఎవరికైనా తగిలితే నోటీసు వచ్చేది ఏజెంటుగారి ఇంటికే. స్క్రాపింగ్‌లో అయితే డిపాజిట్ సర్టిఫికెట్ చేతికొస్తుంది, రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఆ నంబరుతో బండే ఉండదు. ఆయన 14,000 వదులుకున్నారు. ధర్మం కోసమా, నోటీసు భయంతోనా అని నేను అడగలేదు.

తరువాత

ఈలోగా సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కొత్తవి దిగితే పాతవీ దిగక తప్పదు. జూన్‌లో 5,40,000 అన్న తరహా బండ్లు అక్టోబరులో 4,95,000కు మాట్లాడుకునే స్థితికి వచ్చాయి. అంటే తప్పు సలహా వల్ల పోయిన రేడియేటరు, షాకుల డబ్బు 17,600 ఆ ఆలస్యంలోనే తిరిగి వచ్చినట్టు. ఇది నా ఘనత కాదు, అదృష్టం. ఆ డబ్బును నా తప్పు కిందే రాసుకున్నాను, షాకుల కూలీ తిరిగి ఇచ్చేశాను.

షెడ్డులో తనిఖీ కాగితం మార్చాను. ఇంతకుముందు ఇంజిను పైన, బాడీ అట్టడుగున ఉండేవి. ఇప్పుడు పదేళ్లు దాటిన ఏ బండికైనా మొదట అడుగు భాగం. యాక్సిల్ బ్రాకెట్లు, ముందు క్రాస్ మెంబరు, గుమ్మం కింది పెట్టెలు, బ్రేకు పైపులు, ఇవన్నీ స్క్రూ డ్రైవర్‌తో పొడిచి చూడాలి, కోటింగ్ ఉంటే మరింత అనుమానంతో పొడవాలి. పొడిచే ముందు యజమాని అనుమతి తీసుకోవాలన్న గడి కూడా పెట్టాను, ఒకాయన నిగనిగలాడే కోటింగ్‌కు గీత పెట్టానని గొడవపడ్డాడు మరి. అది నెగ్గితేనే కంప్రెషన్, ఆ తరువాతే బిల్లుల లెక్క. చెరువుల ఊళ్ల నుంచి వచ్చే బండికి ఏ నీళ్లతో కడుగుతారని కూడా అడుగుతున్నాను.

ఏజెంటుగారికి బండి వెతికేటప్పుడు ఇక్కడ చూసిన రెండింటిని గొయ్యి మీదే తిప్పి పంపాం. మూడోది కర్నూలు వైపు నుంచి దొరికింది. పొడి నేల బండి, పైగా మన రాష్ట్రపు రిజిస్ట్రేషనే కనుక నిరభ్యంతర పత్రం, మళ్లీ లైఫ్ టాక్సు బెడద లేదు. మీటరు మీద 78,000 ఉన్నాయి, సీట్లు మాసిపోయాయి, పక్క తలుపుకు సొట్ట. అడుగున ఇనుము మీద కంపెనీ పెయింటు అలాగే ఉంది. ఏజెంటుగారు పంచె పైకి కట్టి తానే గొయ్యిలోకి దిగారు, నా చేతిలోని స్క్రూ డ్రైవర్ తీసుకుని నాలుగు చోట్ల పొడిచారు. ఇప్పుడు ఆదివారాలు బోరు మోటారు జోలికి పోరు. బండిని కాలువ గట్టుకు తీసుకెళ్లి, చిన్న పంపు పెట్టి, గోదావరి నీళ్లతో పైభాగం కంటే అడుగు భాగమే ఎక్కువసేపు కడుగుతున్నారు.